క్యారమెల్ కస్టర్డ్‌కి చిల్లులు ఎందుకు పడుతున్నాయంటే

కుక్కర్‌లో చేసిన క్యారమెల్ కస్టర్డ్ జల్లెడలా చిల్లులు పడి నీళ్లు వదిలింది, పాకం కూడా చేదెక్కింది అన్నారు కదండీ. తప్పు పాలది కాదు, మంటది. గుడ్ల మిశ్రమం 80-85 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది. నీళ్లు తెర్లితే లోపల ఆవిరి బుడగలు కట్టి ఆ చిల్లులు వస్తాయి.

ఈసారి ఇడ్లీ పాత్ర అడుగున గుడ్డ పరిచి, గిన్నె సగం మునిగేలా వేడినీళ్లు పోసి సిమ్‌లోనే ఉంచండి. గిన్నెకి ఫాయిల్ బిగించాలి, లేదంటే మూతకి పట్టిన చెమటంతా కస్టర్డ్‌లోకే కారుతుంది. అర లీటరు పాలకు 4 గుడ్లు చాలు, నురగ రాకుండా కలిపి వడకట్టండి. సుమారు 40 నిమిషాలకు గిన్నె కదిపి చూడండి, నడుమ జున్నులా వణుకుతుంటే దించేయొచ్చు.

పాకం రాగి రంగుకి రాగానే దించాలి. ఫోన్ మాట్లాడుతూ నేనూ రెండుసార్లు మాడ్చాను లెండి! రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాకే తిరగేయండి.