ఈజీఆర్ వాల్వ్‌ను మూసేయవచ్చా?

ప్రశ్న: మాది 2018 మోడల్ డీజిల్ కారు. తిరిగేది ఎక్కువగా ఊళ్లోనే, రోజూ నాలుగైదు కిలోమీటర్లు. ఈమధ్య పికప్ తగ్గింది, ఐడిల్‌లో ఇంజిన్ వణుకుతోంది, రేజ్ చేస్తే నల్లపొగ. స్కానర్‌లో పీ0402 కోడ్ వచ్చింది. ఈజీఆర్‌కు అడ్డంగా రేకు పెట్టి మూసేద్దామంటున్నాడు మెకానిక్. మూసేయవచ్చా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దండి. శుభ్రం చేస్తే చాలావరకు బాగయ్యే జబ్బే ఇది.

సిలిండర్‌లో వేడి 1500 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులవుతాయి. ఆ వేడి తగ్గించడానికే సైలెన్సర్‌కు పోయే పొగలో కొంత వెనక్కి తిప్పి, కూలర్‌లో చల్లార్చి, మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతారు. ఈ ఏర్పాటే ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్), ఎంత పొగ పోవాలో దాని వాల్వ్ చూసుకుంటుంది. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వేడిని లాగేసుకుంటాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు వాల్వ్ మూసుకోవాలి. పీ0402 అంటే పొగ మోతాదుకు మించి వస్తోందని. వాల్వ్ తెరుచుకునే ఉండిపోతే గాలి చాలక డీజిల్ సరిగా మండదు, అందుకే నల్లపొగ.

పొగలోని మసికి క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు గది) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి తోడై వాల్వ్‌కు తారులా అంటుకుంటుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కని చిన్న ప్రయాణాల్లో ఇది మరీ ఎక్కువ.

ముందు స్కానర్‌తోనే వాల్వ్‌ను తెరిపించి, మూయించి చూడమనండి. వాల్వ్‌ను కదిలించే మోటారే కాలిపోయి ఉంటే కొత్తది వేయాల్సిందే. కదులుతూ మధ్యలో పట్టేస్తుంటే ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీసి, వాల్వ్ ఊడదీయించండి. కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి పది నిమిషాలు నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో రుద్దాలి. మోటారు వైపు తడి తగలకూడదు. స్క్రూడ్రైవర్‌తో గీకితే వాల్వ్ కూర్చునే అంచు గీతలు పడి పొగ కారుతుంది, అదే కోడ్ మళ్లీ వస్తుంది. గ్యాస్కెట్ కొత్తదే వేయాలి. బిగించాక స్కానర్‌లో వాల్వ్ రీలెర్న్ (వాల్వ్ ఎక్కడ మూసుకుంటుందో, ఎక్కడ తెరుచుకుంటుందో ఇంజిన్ కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం) చేయించండి. ఇంజిన్ ఆడుతుండగా ఇంటేక్‌లోకి స్ప్రే మాత్రం కొట్టనివ్వకండి. అదీ ఇంధనంలా మండి ఇంజిన్ అదుపు తప్పి రేజ్ కావచ్చు.

కూలెంట్ తగ్గుతూ తెల్లపొగ కూడా వస్తుంటే ఈజీఆర్ కూలర్ కారుతోందేమో చూడాలి.

రేకు పెడితే నల్లపొగ తగ్గేమాట నిజమే, పొల్యూషన్ సర్టిఫికెట్టూ వస్తుంది. ఎందుకంటే ఆ పరీక్షలో డీజిల్ బండికి పొగ ఎంత దట్టంగా ఉందో చూస్తారు తప్ప నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. మీ బీఎస్4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణాల) కారుకు వాటి పరిమితి కిలోమీటరుకు 0.25 గ్రాములు, ఈజీఆర్ మూసేస్తే ఆ విషవాయువులు కంటికి కనిపించకుండా పెరిగిపోతాయి. పైగా పొగ చాలడం లేదంటూ పీ0401 కోడ్‌తో ఇంజిన్ లైటు మళ్లీ వెలగవచ్చు.

శుభ్రం చేయించాక వారానికోసారి హైవే మీద ఓ అరగంట, 2000 ఆర్‌పీఎం పైన నడపండి.