జింకలు మేసిన శనగచేను, పాప అడుగుతున్న చదువు

ప్రశ్న: మాది మిడుతూరు మండలం, ఐదెకరాల రేగడి. పాప కర్నూలులో ఇంటర్ సెకండియర్, బైపీసీ. నేను అగ్రికల్చర్ బీఎస్సీ చెయ్యమంటే తను వన్యప్రాణుల మీద చదువుతానంటోంది. నిరుడు రోళ్లపాడు జింకలు మా శనగ ఎకరం పైన మేసిపోయినాయి. ఆ జింకల్ని కాపాడే చదువుకు నేనే ఫీజు కట్టాలా సార్? కడితే మాత్రం ఉద్యోగం వస్తుందా?

జవాబు: అన్నగారూ, మీ ఉత్తరం చదవగానే నవ్వొచ్చింది. రెండోసారి చదివితే రాలేదు. ఆ పక్క చేలు నేను చూశాను. దూరం నుంచి చేను పచ్చగానే ఉంటుంది, గట్టు దిగి లోపలికెళ్తే సాలు పొడుగునా తల లేని మొక్కలే. నెల పైరప్పుడు తల తుంచితే కొమ్మలేస్తాయని మనమే తుంచుతాం. జింకకు ఆ లెక్కేం తెలుసు, పూత మీదున్నా వదలదు. చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రంతా డబ్బాలు కొట్టి, తెల్లారి పనికి పోయే మనిషికి ‘జీవవైవిధ్యం’ అని చెబితే ఒళ్లు మండుతుంది. తప్పు లేదు.

కానీ ఆ జింకలు మీ చేలోకి ఎట్లా వచ్చాయో ఒకసారి చూడండి. రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేసింది జింకల కోసం కాదు, బట్టమేక పిట్ట కోసం. పదిహేను కిలోల దాకా తూగే పక్షి. నేల మీదే, చాలాసార్లు ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. దానికి చెట్లు అక్కర్లేదు, కనుచూపు మేర గడ్డి ఉండాలి. అభయారణ్యం మొత్తం ఆరు చదరపు కిలోమీటర్లే కాబట్టి చుట్టుపక్కల బీళ్లలో, మెట్టచేలల్లో తిరిగి మిడతలు ఏరుకునేది. తర్వాత నీళ్లొచ్చాయి, పైర్లు మారాయి, మందుల వాడకం పెరిగింది, కరెంటు తీగలు పరుచుకున్నాయి. ఎదురుగా ఉన్న తీగ ఆ పిట్టకు సరిగ్గా ఆనదు, ఎగిరొచ్చి కొట్టుకుంటుంది. పైగా రెవెన్యూ రికార్డులో బీడంటే ఖాళీ జాగా కిందే లెక్క. కంచె లోపల మాత్రం గడ్డి దొరికి జింకలు వందల్లోకి పెరిగాయి, చాలకపోతే బయటికొచ్చాయి. ఎవరి కోసం కంచె వేశారో ఆ పిట్ట కనుమరుగైంది, లెక్కలో లేని జింక మీ చేలో తేలింది. దీన్నెట్లా సర్దాలన్నదే, అన్నగారూ, మీ పాప అడుగుతున్న చదువు.

పులి ఫొటోలు, రీల్స్ చూసి నా దగ్గరికొచ్చే పిల్లలు చాలామంది. అట్లాంటి ఒక అబ్బాయిని నేనే ప్రోత్సహించి నల్లమలకు ఒక సర్వే పనికి పంపాను. పిడుదులు కుట్టాయని రెండు నెలలకే తిరిగొచ్చాడు. తప్పు వాడిది కాదు, ముందు అడగాల్సింది నేను అడగలేదు. మీ పాప పంట పోయిన ఇంట్లో పుట్టి కూడా ఈ చదువే కావాలంటోంది. ఆ ఒక్క కారణానికి నేను తన వైపు.

ఊరి మనిషికి తెలిసిన విషయాన్ని తక్కువ చెయ్యకండి. మన కడప జిల్లాలో కలివికోడి అనే పిట్టను 1848లో జెర్డన్ అనే దొర లోకానికి చెప్పాడు. తర్వాత అది అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవి పక్కన, రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. పట్టింది అక్కడి వేటగాడే. అడవి పక్క మనిషి కళ్లు, శాస్త్రవేత్తల చదువు కలిస్తే గానీ ఆ పిట్ట దొరకలేదు. తర్వాత దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు.

సరే, ఉద్యోగం మాట. మీ అగ్రికల్చర్ బీఎస్సీ, పాప అడవి ఒకదానికొకటి అడ్డమనుకుంటున్నారు. కావు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీలు పనికొస్తాయి. జువాలజీ, బోటనీ, పశువైద్యం లాంటి సబ్జెక్టు ఉన్న డిగ్రీలూ పనికొస్తాయి. కాబట్టి ఈఏపీసెట్‌లో ర్యాంకొచ్చి మహానందిలోనో మరోచోటో అగ్రి సీటొస్తే నిశ్చింతగా చేర్చండి. రైతుబిడ్డల కోటా ఉంది, పట్టాదారు పాస్‌పుస్తకం, ఊరి బడి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. నీట్‌లో మంచి ర్యాంకొస్తే పశువైద్యం ఇంకా మేలు. ప్రొద్దుటూరులోనే కాలేజీ ఉంది, ఐదున్నరేళ్లు. అడవి ఉద్యోగం రాకపోయినా పశువుల డాక్టరుకు మన జిల్లాల్లో పని లేని రోజుండదు.

రెండూ రాలేదనుకోండి, టెన్షన్ పడొద్దు. కర్నూలులోనే మహిళా డిగ్రీ కాలేజీలో జువాలజీ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకోమనండి. మైనర్ (రెండో సబ్జెక్టు) దగ్గర మాత్రం స్నేహితురాళ్లను చూసి ఎంచుకోవద్దు. స్టాటిస్టిక్స్ గానీ కంప్యూటర్స్ గానీ దొరికితే అదే తీసుకోవాలి. ఇప్పుడు ఈ రంగంలో సగం పని లెక్కలు, మ్యాపులే. ఆ తర్వాత ఎంఎస్సీకి డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్) ఉన్నాయి. సీట్లు చాలా తక్కువ. ఎన్‌సీబీఎస్ రెండేళ్లకోసారే చేర్చుకుంటుంది కాబట్టి డిగ్రీ అయిన ఏడాదే నోటిఫికేషన్ రాకపోవచ్చు. ఆ ఖాళీ ఏడాదికి ఇప్పుడే ఒక ఆలోచన పెట్టుకోవాలి.

మన రాష్ట్రంలో అటవీ శాఖకు ఏపీపీఎస్సీ పోస్టులున్నాయి. బీట్ ఆఫీసరుకు ఇంటరే చాలు, రేంజ్ ఆఫీసరుకు డిగ్రీ కావాలి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, దాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోబెట్టకండి. రాతపరీక్షతో పాటు నడక పరీక్ష ఉంటుంది. ఆడపిల్లలు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. కోచింగ్ సెంటర్లో కూర్చుని కూర్చుని ఇక్కడే చాలామంది పోతారు. పాప సెలవులకు ఊరొస్తే బండి మీద దించకుండా నడిపించండి.

ప్రైవేటు వైపు గనులు, రోడ్లు, డ్యాములకు 2006 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక తయారు చెయ్యాలి. దాన్ని తయారు చేసే కన్సల్టెన్సీల్లో జంతువులు, మొక్కల నిపుణుడి పోస్టు ఒకటి తప్పనిసరి. జీతం పర్వాలేదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ నివేదికకు డబ్బిచ్చేది ప్రాజెక్టు కట్టే కంపెనీయే. ఆ ఒత్తిడి ఎట్లా ఉంటుందో పాపకు ముందే చెప్పాలి.

పరిశోధన వైపు డబ్బు సంగతి దాచను. ఎంఎస్సీ చేసి నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష పాసై ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37 వేలు, పైన ఇంటద్దె. నెట్ లేకుండా ప్రాజెక్టులో చేరితే అంతకన్నా తక్కువ, ప్రాజెక్టు అయిపోతే పనీ అయిపోతుంది. పెళ్లి, అప్పు అని మీ లెక్కలు మీకుంటాయి. డిగ్రీ తర్వాత ఐదారేళ్లు పాప సంపాదన మీద ఆధారపడకుండా ఇల్లు నడుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు మీరే చెప్పాలి, నేను చెప్పలేను.

ఈ సంక్రాంతి సెలవుల్లో ఒక పని చేయించండి. చేను గట్టు మీద పాపను కూర్చోబెట్టి నోట్‌బుక్ ఇవ్వండి. పొద్దున, సాయంత్రం ఎన్ని జింకలొచ్చాయి, ఇర్రులెన్ని (మగవి), లేళ్లెన్ని (ఆడవి), ఎటునుంచి దిగాయి, ఏ మడిలో ఎన్ని సాళ్లు పోయాయి, అన్నీ తేదీతో రాయాలి. వారానికే విసుగొచ్చి వదిలేస్తే అగ్రి సీటు చూద్దాం. సెలవులయ్యేదాకా రాస్తే ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి. అన్నట్టు, పోయిన శనగకు పరిహారం కోసం అటవీ శాఖకు అర్జీ పెట్టారా? పెట్టకపోతే అది కూడా పాప చేతే రాయించండి, నోట్‌బుక్ లెక్కలు జతచేసి.