రేఖీయ ఫంక్షనళ్ల లబ్ధం నార్మ్ ఎంతవరకు తగ్గగలదు?

ప్రశ్న ఇది: హిల్బర్ట్ అంతరాళంలో (అంతర్లబ్ధం, అంటే పొడవులనూ కోణాలనూ కొలిచే గుణకారం ఉన్న సదిశల అంతరాళంలో) నార్మ్ 1 ఉన్న ఎన్ ఫంక్షనళ్లను గుణిస్తే, ఆ లబ్ధం నార్మ్‌కు హద్దులేమిటి? ఫంక్షనల్ అంటే ప్రతి సదిశకూ ఒక సంఖ్యను ఇచ్చే రేఖీయ ప్రమేయం; నార్మ్ అంటే యూనిట్ సదిశల (పొడవు 1 ఉన్నవాటి) మీద అది చేరగల గరిష్ఠ పరిమాణం. ఎగువ హద్దు 1; అన్నీ ఒకటే అయితే అదే వస్తుంది. కష్టమంతా దిగువ హద్దులోనే.

రీస్ సిద్ధాంతం ప్రకారం ప్రతి ఫంక్షనల్ ఒక యూనిట్ సదిశతో అంతర్లబ్ధమే. రెండే ఉంటే బొమ్మ గీస్తే చాలు. వాస్తవ అంతరాళంలో (వాస్తవ సంఖ్యలతోనే పనిచేసే చోట) సదిశల మధ్య కోణం థీటా అనుకుందాం (90 డిగ్రీలు దాటితే ఒకదాని గుర్తు మార్చండి, నార్మ్ మారదు). లబ్ధానికి కోణ సమద్విఖండన దిశలో గరిష్ఠం (1 + కాస్ థీటా)/2. కాబట్టి అది 1/2 కంటే తగ్గదు.

పరస్పరం లంబంగా ఉన్న ఎన్ సదిశలకు, అంకమధ్యమ–గుణమధ్యమ అసమానత వల్ల నార్మ్ సరిగ్గా 1/ఎన్^(ఎన్/2). మూడింటికి సుమారు 0.192. సంకీర్ణ అంతరాళంలో (సంకీర్ణ సంఖ్యలు వాడే చోట), సదిశలు ఏవైనా, నార్మ్ ఇంతకన్నా తగ్గదని ఆరియాస్ దె రేయ్నా 1998లో నిరూపించారు. నాకు నచ్చే దారి మాత్రం 2001 నాటి కీత్ బాల్ ఫలితం: సంకీర్ణ అంతరాళంలో ఎన్ యూనిట్ సదిశలు ఏవైనా సరే, వాటన్నిటితోనూ అంతర్లబ్ధం పరిమాణం కనీసం 1/√ఎన్ ఉండే యూనిట్ సదిశ ఒకటి దొరుకుతుంది. గుణించండి, హద్దు వచ్చేస్తుంది. వాస్తవ అంతరాళంలో ఈ ఫలితం ఇలాగే చెల్లదు: తలంలో 60 డిగ్రీల ఎడంతో ఉన్న మూడు సదిశలు తీసుకుంటే, ఏ దిశలో చూసినా ఏదో ఒక అంతర్లబ్ధం పరిమాణం 1/2 దాటదు, అది 1/√3 కంటే తక్కువ.