హియర్ మీ అవుట్: ఆ 'మీ' ఎక్కడ పెట్టాలి?

మీటింగ్‌లో మేనేజర్ మధ్యలో అడ్డుపడితే మీరు 'ప్లీజ్ హియర్ అవుట్ మీ' అన్నారని, పక్కనున్నవాళ్లు నవ్వారని రాశారు కదా. తప్పల్లా ఆ 'మీ' కూర్చున్న చోటే. మీ, హిమ్, హర్, దెమ్ లాంటి సర్వనామాలు 'హియర్', 'అవుట్' అనే ఆ రెండు ముక్కల మధ్యలోనే రావాలి: హియర్ మీ అవుట్, హియర్ హర్ అవుట్. జరిగిపోయినదైతే 'షి హర్డ్ హిమ్ అవుట్'. పేరు చెప్పినా మధ్యలో పెట్టడమే మామూలు: 'హియర్ రవి అవుట్'.

అర్థం దగ్గర కూడా చాలామంది పొరపడతారు. ఇది ఊరికే వినడం కాదు, అవతలివాళ్లు ముగించేదాకా అడ్డు తగలకుండా వినడం. విన్నాక ఒప్పుకోవాలని ఏమీ లేదు. 'ఐ హర్డ్ హిమ్ అవుట్ అండ్ సెడ్ నో' అంటే, చెప్పిందంతా విని కుదరదన్నాను అని. మన 'ముందు నన్ను పూర్తిగా చెప్పనివ్వండి' దీనికి చాలా దగ్గర.

నేనైతే కొత్తలో ఒక క్లయింట్‌తో 'ప్లీజ్ హియర్ ఫ్రమ్ మీ' అన్నాను. హియర్ ఫ్రమ్ అంటే కబురు అందడం! ఆయన పాపం, మెయిల్ వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాడు.

ఒక్క మాట. పైవాళ్లతో 'హియర్ మీ అవుట్' అంటే, స్వరాన్ని బట్టి, 'మీరు వినట్లేదు' అన్న నిష్ఠూరం ధ్వనించవచ్చు. మీ మేనేజర్‌తో 'కుడ్ ఐ జస్ట్ ఫినిష్ దిస్ పాయింట్?' అనడం మేలు. స్నేహితులతో అయితే ఏ టెన్షనూ లేదు.