జెండా ముడి వేసినవాడిగా చెబుతున్నాను

ఆగస్టు 15న జెండా ఎగరేయడానికీ, జనవరి 26న ఎగరేయడానికీ తేడా ఏమిటని చాలామంది అడుగుతుంటారు. రూలు తేలికే. ఆగస్టు 15న జెండాని కింది నుంచి తాడుతో పైకి ఎక్కించాలి. ఎర్రకోట మీద ప్రధాని చేసేది అదే. జనవరి 26న జెండా ముందే పైన మడతపెట్టి కట్టి ఉంటుంది, రాష్ట్రపతి దాన్ని విప్పుతారు. 1947లో పరాయి జెండా దిగి మనది ఎక్కింది, 1950 నాటికి మనది పైనే ఉంది, అందుకని ఈ తేడా అంటారు. 1947లో రాష్ట్రపతి పదవే లేదు కాబట్టి ఆ రోజు ప్రధానిది. అన్నట్టు, నెహ్రూ ఎర్రకోట మీద మొదటిసారి జెండా ఎగరేసింది 15న కాదు, 16న. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

కానీ ఊళ్లో స్కూళ్లకి ఈ తేడా పట్టదు. నేను చూసినవన్నిట్లో రెండు పండగలకీ పైన కట్టి విప్పడమే. కాబట్టి అసలు సంగతంతా ముడిలో ఉంది.

మాది కృష్ణా జిల్లా. జెండా నమూనా తీసుకెళ్లి 1921లో బెజవాడలో గాంధీ గారికిచ్చిన పింగళి వెంకయ్య గారి జిల్లా. ఆ గర్వంతోనే కాబోలు, తొమ్మిదో క్లాసులో జనవరి 26కి ముడి వేసే పని డ్రిల్లు మాస్టారు నాకిచ్చారు. జెండా పొడుగ్గా మడవాలి, మధ్యలో బంతిపూల రెక్కలు పెట్టి చుట్టాలి, తాడుతో జారుముడి వేయాలి. (జెండాలో పూలు పెట్టొచ్చా అని కొందరు గొడవ పడతారు. పెట్టొచ్చు, జెండా నియమాలు చెప్పే ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది.)

అంతకుముందు ఆగస్టులో ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఈలోగా గాలికి జెండా దానంతటదే విచ్చుకుని పూలన్నీ హెడ్మాస్టారి నెత్తిన పడ్డాయి. ఈ అతిథుల జబ్బు ఇప్పటికీ తగ్గలేదు, పిల్లలు ఎండలో కళ్లు తిరిగి పడిపోతుంటారు. ఆ భయంతో నేను జారుముడి మీద ఇంకో ముడి బిగించాను. పైగా మంచు. నూలు తాడు తడిస్తే ఎలా బిగుస్తుందో అప్పటికి నాకు తెలియదు.

సర్పంచ్ గారు లాగారు. రెండు రెక్కలు రాలాయి, అంతే. అప్పటికే ఆడపిల్లలు జనగణమన అందుకున్నారు. ఆయన లాగుతూనే ఉన్నారు. 52 సెకన్ల పాట అయిపోయింది, జెండా మాత్రం పైన మూటలా వేలాడుతోంది. సెల్యూట్ చేసిన చేతులు దించాలో వద్దో ఎవరికీ తెలియదు. నాకు కాళ్లు వణికాయి. చివరికి డ్రిల్లు మాస్టారు మూటని కిందికి దించి, ముడి పళ్లతో విప్పి, జెండాని తాడుకి కట్టి పైకి ఎక్కించారు. అలా మా స్కూల్లో జనవరి 26న ఆగస్టు 15 పద్ధతిలో జెండా ఎగిరింది. పాట రెండోసారి పాడారు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ముడి వేసేది నేనే. 2021లో పాలిస్టర్ జెండాలకి అనుమతిచ్చాక కష్టం ఇంకో రకంగా వచ్చింది. ఖద్దరు మడత పెడితే మడతలోనే ఉంటుంది, ఈ పాలిస్టర్ చేతిలోంచి జారిపోతుంది.

స్కూల్లో ఆ ముడి గొడవ జరిగాక, తర్వాతి ఆగస్టు 15కి డ్రిల్లు మాస్టారి దగ్గరికెళ్లి, "ఈసారి రూలు ప్రకారం కింది నుంచే ఎక్కిద్దాం సార్, ముడి టెన్షన్ ఉండదు" అన్నాను. ఆయన బంతిపూలు తుంచుతూ తలెత్తకుండానే, "మరి పూలు ఎలా పడతాయిరా?" అన్నారు.