కాకర గింజలు రెండు రోజులు నానబెట్టినా మొలకెత్తట్లేదా?

అక్కా, పది గింజలూ గ్లాసు నీళ్లలో రెండు రోజులుంచితే మెత్తబడి వాసనొచ్చాయన్నారు కదా, అవి నీళ్లలో గాలి అందక కుళ్లిపోయాయి. కాకర గింజ పెంకు మందం. దాన్ని తెరవాలి కానీ ముంచేయకూడదు.

ఈసారి నెయిల్ కట్టర్‌తో గింజ సన్నటి కొసన పెంకు కొంచెం మాత్రం తుంచండి. లోపలి తెల్ల పప్పుకి గాటు పడితే ఆ గింజ పోయినట్టే. తర్వాత గోరువెచ్చని నీళ్లలో ఎనిమిది గంటలు చాలు. పిండిన తడి నూలు గుడ్డలో చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో ఉంచండి. గుడ్డ నొక్కితే చుక్క కారకూడదు. 28–30 డిగ్రీల వెచ్చదనంలో మూడు నుంచి ఆరు రోజుల్లో తెల్ల మొన కనిపిస్తుంది. చలికాలమైతే ఫ్రిజ్ పైన పెట్టండి.

వేరు అర సెంటీమీటరు రాగానే నాటాలి, ఆలస్యమైతే గుడ్డకి అతుక్కుని విరుగుతుంది. వేరు కిందికి ఉండేలా, రెండు సెంటీమీటర్ల లోతున.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద మొలక పరీక్ష చేసిన తేదీ, గడువు చూడండి. రంగు పూసిన గింజలు మందు పట్టించినవి, చేతులు కడుక్కోండి.