కర్రీ పాయింట్‌కి వెళ్లే ముందు ఒక్కసారి కుక్కర్ పెట్టు

చిన్నా,

వారంలో మూడు రాత్రులు నువ్వు బిస్కెట్ పాకెట్ తిని పడుకుంటున్నావని మొన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటి నుంచి కంచం ముందు కూర్చుంటే నువ్వే గుర్తొస్తున్నావు. ఎస్సార్ నగర్‌లో వీధికో కర్రీ పాయింట్ ఉంటుంది, నిజమే. కానీ ఇరవయ్యో తారీఖు దాటాక ఆ కర్రీ పాకెట్ కొనడానికి కూడా నువ్వు లెక్కలు వేసుకుంటున్నావట. క్లాసు అయ్యేసరికి రాత్రి తొమ్మిదవుతుంది, వంట రాదు, ఓపిక ఉండదు. ఫోన్‌లో చెప్తే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఈ కాగితం పొయ్యి దగ్గర గోడకి అంటించుకో.

ముందుగా ఒక మాట. వీడియోలు చూసి రోజుకో కొత్త వంట మొదలుపెట్టకు. పనీర్ కొంటావు, క్రీమ్ కొంటావు, సగం పాడైపోతుంది, చివరికి వంటంటేనే విసుగొస్తుంది. ఈ నెలంతా రెండే పనులు నేర్చుకో. పప్పు మెత్తగా ఉడికించడం, తాలింపు మాడకుండా పెట్టడం. మన ఇళ్లల్లో రోజూ జరిగే వంటలో సగం ఈ రెండిటి మీదే నడుస్తుంది.

సామాన్లు ఎక్కువ వద్దు. మూడు లీటర్ల కుక్కర్, ఒక కడాయి, ఒక గరిటె, పప్పుగుత్తి, చాకు చాలు. నీది ఇండక్షన్ స్టవ్ కాబట్టి కొనే ముందు గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడు. అంటుకుంటేనే ఆ స్టవ్ మీద వేడెక్కుతుంది. మామూలు అల్యూమినియం గిన్నెలు పనికిరావు. అడుగు చదునుగా కూడా ఉండాలి.

కుక్కర్ దగ్గర మాత్రం అశ్రద్ధ చేయకు నాన్నా. మూత పెట్టే ముందు ప్రతిసారీ దాన్ని వెలుతురుకి ఎత్తి వెయిట్ పెట్టే రంధ్రంలోంచి చూడు, అవతలి వెలుగు కనపడాలి. పప్పు పొట్టు అక్కడ ఇరుక్కుంటే ఆవిరి పోదు. పప్పుగానీ అన్నంగానీ సగానికి మించి నింపకు. విజిల్ అయిపోగానే గరిటెతో వెయిట్ లేపి మూత లాగే అలవాటు చాలామందికి ఉంటుంది, నువ్వు ఎప్పుడూ చేయొద్దు. ఆవిరి దానంతట అదే దిగాలి. ఆ పది నిమిషాల్లో తాలింపుకి కావలసినవి సర్దుకో.

ఇక పప్పు. టీ గ్లాసుడు కందిపప్పు నీకు రెండు పూటలకి వస్తుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, వీలుంటే అరగంట నానబెట్టు. క్లాసుకి వెళ్లేముందు నానబెట్టి వెళ్తే ఎండాకాలంలో పులుస్తుంది, గదికి వచ్చి బట్టలు మార్చుకునే ముందు నానబెడితే సరిపోతుంది. మూడున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె వేయి. ఆ నూనె ఉంటే నురగ పొంగి వెయిట్‌లోంచి చిమ్మదు. నాలుగైదు విజిల్స్ రానివ్వు. ఉప్పు, చింతపండు ఇప్పుడే వేయకు.

ఎందుకు వేయొద్దంటున్నానో చెప్తాను. పెళ్లయిన కొత్తలో కొత్తగూడెంలో సింగరేణి క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మీ పెదనాన్నకి ఫస్ట్ షిఫ్ట్. తెల్లవారుజామునే లేచి, పని తొందరగా తెములుతుందని పప్పు, చింతపండు, ఉప్పు అన్నీ కలిపి ఒకేసారి కుక్కర్‌లో పెట్టాను. ఎనిమిది విజిల్స్ వచ్చినా పప్పు గింజకి గింజ అలాగే నిలబడి ఉంది. ఆయన ఏమీ అనకుండా మజ్జిగన్నం తిని డ్యూటీకి వెళ్లిపోయారు. నేను గడప మీద కూర్చుని ఏడుస్తుంటే పక్క క్వార్టర్ అక్క వచ్చి, "పులుపు తగిలితే పప్పు ఉడకదమ్మా, ఉడికాక వెయ్యి" అని చెప్పింది. ఆ ఒక్క మాటతో నా వంట దారిలో పడింది. బోరు నీళ్లు కూడా అంతే, ఆ ఉప్పు నీళ్లలో పప్పు త్వరగా మెత్తబడదు. మీ బిల్డింగ్‌లో మంజీరా నీళ్లు వచ్చినప్పుడు ఒక బిందె పట్టి వంటకి ఉంచుకో.

కందిపప్పు పిరమైన నెలలో పెసరపప్పు తెచ్చుకో. దాన్ని నానబెట్టే పనిలేదు, రెండు మూడు విజిల్స్‌కే మెత్తగా అవుతుంది. కడాయిలో దోరగా వేయించి ఉడికిస్తే వాసనే వేరు. ఒక కర్రీ పాకెట్ కొనే డబ్బుకి దాదాపు పావుకిలో పెసరపప్పు వస్తుంది, అది నీకు ఐదు పూటలు.

తాలింపు ఎలా పెట్టాలో నిదానంగా చదువు. పప్పు చప్పగా ఉంటే ఉప్పు వేసి సరిచేస్తాం, తాలింపు మాడితే సరిచేయడానికి ఏమీ ఉండదు. స్టవ్ వెలిగించక ముందే అన్నీ ఒక పళ్లెంలో పెట్టుకో. ఆవాలు, మినపప్పు, జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి రెండు, చితక్కొట్టిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఒక రెమ్మ కరివేపాకు. కరివేపాకు మీద తడి లేకుండా తుడువు, లేకపోతే నూనె మొహం మీదికి చిటపటలాడుతుంది. రెండు చెంచాల నూనె పోసి ఒక్క ఆవగింజ వేసి చూడు. అది అడుగునే పడుకుంటే ఇంకా ఆగాలి, చిటుక్కున పైకి లేస్తే మిగతా ఆవాలు వేసెయ్. అవి చిటపటలాడటం తగ్గేలోపు మినపప్పు వేయి. మినపప్పు తెల్లగా ఉన్నది బంగారు రంగుకి తిరగగానే జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి వేయి. వెల్లుల్లి అంచులు ఎర్రబడుతుంటే కరివేపాకు, చిటికెడు ఇంగువ వేసి స్టవ్ ఆపెయ్. కడాయిలో ఉన్న వేడి చాలు, మిగతాది అదే వేగుతుంది. ఇండక్షన్ మీద కడాయి చాలా తొందరగా వేడెక్కుతుంది కాబట్టి వేడి మధ్యస్తంగా పెట్టుకో, ఫోన్ చేతిలో పెట్టుకోకు. ఎప్పుడైనా నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. స్విచ్ ఆపి కడాయి మీద మూత పెట్టెయ్.

ఇవి రెండూ చేతికొచ్చాయంటే ఇక రోజుకో పప్పు. ఉడికించేటప్పుడే రెండు టమాటాలు, రెండు పచ్చిమిర్చి కోసి వేయొచ్చు కదా అంటావు. టమాటా పులుపు తక్కువే కానీ కొత్తలో అవి వేరే వండుకో. తాలింపులోనే టమాటా ముక్కలు మగ్గించి, మెదిపిన పప్పు పోసి, ఉప్పు వేసి ఒక ఉడుకు రానిస్తే టమాటా పప్పు. అదే చోట తోటకూర వేస్తే తోటకూర పప్పు, బీరకాయ వేస్తే బీరకాయ పప్పు. పప్పు పలచగా చేసి, చిన్న ఉసిరికాయంత చింతపండు పిండి రసం పోసి, ఉల్లిపాయ, సొరకాయ ముక్కలు వేసి మరిగిస్తే పప్పుచారు. నువ్వు అన్నంలో కలుపుకుని జుర్రుకుంటావే, అదే. బీరకాయ చెక్కు పారేయకు. నూనెలో పచ్చిమిర్చితో వేయించి, కొంచెం చింతపండు, ఉప్పు వేసి పక్క గదివాళ్ల మిక్సీలో ఒక తిప్పు తిప్పితే మర్నాటికి పచ్చడి.

ఆకుకూరల కోసం ఆదివారం ఎర్రగడ్డ రైతు బజార్‌కి వెళ్లు. నీకు మెట్రోలో రెండు స్టేషన్లు. 1999లో ఈ బజార్లు పెట్టినప్పటి నుంచి ధరల బోర్డు చూసి కొనుక్కునే పద్ధతి, బేరాలాడటం రాని నీలాంటివాళ్లకి మేలు. ఆకుకూరని కొళాయి కింద పట్టుకుని కడిగితే ఇసుక పోదు. గిన్నె నిండా నీళ్లలో ముంచి రెండు నిమిషాలు వదిలెయ్, మట్టి అడుక్కి దిగుతుంది. అప్పుడు ఆకుని చేత్తో పైకి తీయి. ఆకుతో సహా వంచితే ఆ మట్టంతా మళ్లీ ఆకుకే పడుతుంది. ఇలా మూడుసార్లు.

స్టవ్ ముందు ఎక్కువసేపు నిలబడే ఓపిక లేనిరోజు పచ్చిపులుసు చేసుకో. ఇది మన ఖమ్మం, వరంగల్ వైపు ఇళ్లల్లో ఎండాకాలమంతా ఉండేదే. ఉసిరికాయంత చింతపండు గ్లాసు నీళ్లలో నానబెట్టి పిండి, పిప్పి తీసెయ్. ఇంకో రెండు గ్లాసుల నీళ్లు కలుపు. ఉల్లిపాయ సన్నగా తరిగి, ఉప్పు వేసి చేత్తో గట్టిగా నలుపు, ఆ ఉల్లి రసమే దీనికి రుచి. రెండు పచ్చిమిర్చిని నూనె వేయని కడాయిలో నల్ల మచ్చలు వచ్చేదాకా కాల్చి అందులోనే చిదుము. చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర, పైన తాలింపు. నువ్వులు వేయించి దంచిన పొడి ఒక చెంచా ఉంటే ఇంకా బాగుంటుంది. దీనికి తోడు పులగం ఉంటే పండగే. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, నాలుగు గ్లాసుల నీళ్లు, ఉప్పు, పసుపు, కాస్త జీలకర్ర, నాలుగు మిరియాలు, అన్నీ ఒకేసారి కుక్కర్‌లో పెట్టి మూడు విజిల్స్. నీ మొదటి వంట ఇదే అవ్వాలని నా కోరిక, ఎందుకంటే ఇందులో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్లు ఎక్కువైతే జారుగా ఉంటుంది, తక్కువైతే పొడిగా ఉంటుంది, ఎలా ఉన్నా తినొచ్చు.

అన్నం మిగిలితే పులిహోర చేస్తావని నాకు తెలుసు. నిమ్మరసం మాత్రం స్టవ్ ఆపాక, కడాయి కాస్త చల్లారాక పిండు. వేడి మీద మరిగితే చేదెక్కుతుంది. ఉప్మాకి బొంబాయి రవ్వ ఒక గ్లాసైతే నీళ్లు రెండున్నర. రవ్వ ముందే వేయించి డబ్బాలో పెట్టుకుంటే రాత్రి పది నిమిషాల పని. ఒక చేత్తో రవ్వ సన్నగా పోస్తూ రెండో చేత్తో కలుపు, ఉండలు కట్టదు. అటుకులైతే ఇంకా సులువు. లావు అటుకులు నీళ్లలో ఒక్కసారి కడిగి జల్లెట్లో ఉంచి, పల్లీలు వేసిన తాలింపులో కలిపేయడమే.

పల్లీలన్నాను కాబట్టి ఇది కూడా విను. కేవలం అన్నం, పచ్చడితో రోజులు గడపకు. ఆకలి తీరుతుందిగానీ ఒంట్లో సత్తువ ఉండదు, క్లాసులో నిద్రొస్తుంది. రోజూ ఏదో ఒక పప్పు, కప్పు పెరుగు, గుప్పెడు వేయించిన పల్లీలు ఉండేలా చూసుకో. పొద్దున శనగలో బొబ్బర్లో నానబెడితే రాత్రికి ఉడికించి ఉప్పు, ఉల్లిపాయ, నిమ్మరసంతో గుగ్గిళ్లు తినొచ్చు. మీల్ మేకర్ కూడా చవకే. వేడినీళ్లలో పది నిమిషాలు నానాక ఆ నీళ్లు గట్టిగా పిండేస్తేనే పచ్చివాసన పోతుంది, కూర బాగుంటుంది.

బియ్యం ఒకేసారి పెద్ద బస్తా తేవద్దు, మీ గదిలో పురుగు పడుతుంది. నెలకి ఏడెనిమిది కిలోలు చాలు. షాపులో బీపీటీ అని అడిగితే ఇస్తారు. బాపట్లలో తయారైన సాంబ మసూరి వంగడం అది, మన సన్నబియ్యం. గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లతో మొదలుపెట్టి, కొత్త బియ్యమై ముద్దవుతుంటే నీళ్లు కొంచెం తగ్గించుకో. ఫ్రిజ్ లేదు కాబట్టి ఏ పూటకి ఆ పూట వండుకోవడమే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటి పప్పుకి రాత్రి వాసన తేడాగా అనిపిస్తే, అయ్యో డబ్బులు అనుకోకుండా పారెయ్. కడుపు పాడై నాలుగు రోజులు పడుకుంటే అంతకంటే ఎక్కువ ఖర్చు.

గదిలో మిగతా ఇద్దరు అబ్బాయిలకి కూడా చెప్పు. ఒకరు కూరగాయలు తరిగితే ఒకరు గిన్నెలు కడగండి. కుక్కర్ గిన్నె తిన్న వెంటనే నీళ్లు పోసి పెట్టండి, ఎండిన పప్పు గీకాలంటే మర్నాడు వంట మీదే విరక్తి వస్తుంది.

ఈ శనివారం ఆర్టీసీ కార్గోలో ఒక పార్సిల్ వేస్తున్నాను. అందులో కందిపొడి, కరివేపాకు పొడి, చారుపొడి, చిన్న సీసాలో ఆవకాయ, అర లీటరు నెయ్యి ఉంటాయి. పోపు డబ్బా ఒకటి పెట్టాను, నేను కొత్తగూడెంలో వాడినదే. ఏ గిన్నెలో ఏముందో కాగితం ముక్కల మీద రాసి అంటించాను. ఆవకాయలో తడి గరిటె పెట్టకు. పార్సిల్ అందగానే ఫోన్ చేయి, ఆ రాత్రి పులగం పెట్టేటప్పుడు వీడియో కాల్‌లో నేను నీ పక్కనే ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ